ఆపకూడని కంప్యూటరు

కరెంటు పోయింది. ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పింది ఫ్యానూ కాదు, లైటూ కాదు, బల్ల కింద ఉన్న యూపీఎస్. కీచుమని ఒకసారి అరిచింది, ఊపిరి తీసుకున్నట్టు ఆగి మళ్ళీ అరిచింది. గోడ గడియారంలో మూడు దాటి రెండు నిమిషాలు. ఆమె చేసిన మొదటి పని తెర ఆపేయడం, ఎందుకంటే ఆ లావుపాటి పాతకాలపు తెర కంప్యూటరు కంటే ఎక్కువ కరెంటు తాగుతుంది. తెర వెలుగుతుంటే బాటరీ ఇరవై అయిదు నిమిషాలు వస్తుంది, ఆపేస్తే నలభై ఆరు. ఏడాది మొదట్లో బాటరీ సగం అయ్యేదాకా చేతి గడియారం ముందు పెట్టుకుని కొలిచి, తనే లెక్కగట్టుకుంది. తెర నల్లబడింది. దాని కింద ఉన్న పెట్టె మాత్రం తన మానాన తను సన్నగా గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. తొమ్మిదేళ్ళుగా అందులోని డిస్కు ఒక్క నిమిషం ఆగలేదు. ఆగితే మళ్ళీ తిరుగుతుందో లేదో చెప్పగలిగిన వాళ్ళెవరూ లేరు. తిరగకపోతే ఆమె తమ్ముడికి ఇక ఏమీ వినపడదు.

ఇది వినికిడి క్లినిక్కు. భవనంలో రెండో అంతస్తు. ముందు గదులకి గాజు తలుపులు, కొత్త మిషన్లు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మొహాల పోస్టర్లు. వెనక, పాత ఫైళ్ళ గదికి ఆనుకుని, ఆమె గది. చెవి వెనక ఎముక తొలిచి లోపల పరికరం పెట్టడం డాక్టరు పని. బయట చెవికి తగిలించుకునే మిషనులోకి ఆ మనిషికి సరిపోయే కొలతలు ఎక్కించడం టెక్నీషియన్ పని, అంటే ఆమె పని, ఇరవై ఆరేళ్ళుగా. లోపల ఇరవై రెండు తీగలుంటాయి. ఒక్కో తీగకీ ఎంత కరెంటు ఇస్తే చప్పుడు మొదలవుతుందో, ఎంత దాటితే నొప్పి మొదలవుతుందో ఆ మనిషినే అడిగి, మళ్ళీ అడిగి, విసుక్కున్నా అడిగి రాసుకోవాలి. దాన్ని మ్యాప్ అంటారు. ఏ ఇద్దరి మ్యాపూ ఒకటి కాదు. కొత్త మోడళ్ళ వాళ్ళకి ఇదంతా ముందు గదిలో ఒక పలకలాంటి మిషను మీద వేలితో రుద్దితే అయిపోతుంది. పాత మోడలుకి మాత్రం ఈ పెట్టె ఒక్కటే గతి. కొలతలు ఎక్కించే ప్రోగ్రామ్ దీనిలోనే నడుస్తుంది, చెవి మిషనుని కలిపే కార్డు దీని వెనక ఉన్న గాడిలోనే దూరుతుంది, తమ్ముడి మ్యాపు దీని డిస్కు మీదే ఉంది.

పాత మోడలు వాళ్ళు ఒకప్పుడు పదకొండు మంది. బీరువా తలుపు లోపలి వైపు అతికించిన కాగితం మీద పేర్లుండేవి, ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చింది. కొందరు మళ్ళీ ఆపరేషన్ చేయించుకుని కొత్తది పెట్టించుకున్నారు, ఇద్దరు ఊళ్ళు మారారు, మిగిలినవాళ్ళు పోయారు. పోయిన నెలలో డ్రాయింగ్ టీచరు పోయింది, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, వచ్చినప్పుడల్లా ఈ గదిలో కూర్చుని కంప్యూటరు బొమ్మ గీసేది, కంప్యూటరు మీద మొహం వేసి మూతి ముడిపించేది. ఆవిడ పేరు కొట్టేసేసరికి కాగితం మీద తమ్ముడొక్కడే మిగిలాడు. మూడు వారాలుగా అతని చెవి మిషను ఆగి ఆగి పనిచేస్తోంది. మాటల మధ్యలో తెగిపోతుంది, తడితే వస్తుంది. దానికి విడిభాగాలు ఎక్కడా లేవు. ఇవాళ తమ్ముడు స్కూలుకి సెలవు పెట్టి డ్రాయింగ్ టీచరు భర్త అయిన రిటైర్డు మాస్టారి దగ్గరకి వెళ్ళాడు, ఆవిడ మిషను తెచ్చుకోవడానికి. అది తెస్తే ఆవిడ కొలతలు తుడిచేసి తమ్ముడి కొలతలు ఎక్కించాలి. ఆరు నిమిషాల పని. ఆరే ఆరు నిమిషాలు.

కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తే అవతలి మనిషి అన్నం తింటూ మాట్లాడాడు. "వీధి చివర కేబులు మారుస్తున్నారండీ, నాలుగింటికి వచ్చేస్తుంది, గంటే కదండీ" అన్నాడు. గంటే కదా. డైరెక్టరుకి చేసింది. జెనరేటరు షెడ్డుకి వెళ్ళి వారమైందని ఆమెకీ తెలుసు, అయినా చేసింది. "అర్జెంటు పేషెంట్లు ఎవరూ లేరుగా మేడం, కొత్త మిషన్లకి బాటరీ లోపలే ఉంటుంది, ఆరు గంటలొస్తుంది" అన్నాడాయన. ఆయనకి ఆ గదిలో ఇంకా కొత్తది కానిదేదో ఉందన్న సంగతే గుర్తులేదు. ఆమె గుర్తు చేయలేదు. గుర్తు చేసినప్పుడల్లా ఆయన "దాన్నింకా పారెయ్యలేదా" అంటాడు, ఆ మాట ఇవాళ వినాలనిపించలేదు.

మెట్లు దిగి కింద జిరాక్స్ షాపుకి పరుగెత్తింది. ఆ షాపతని దగ్గర ఒక యూపీఎస్ ఉంది, దాన్ని తెచ్చి దీనికి తగిలిస్తే ఇంకో అరగంట గడుస్తుంది. షట్టరు దించి ఉంది. కరెంటు లేకపోతే అతనికి పనేముంటుంది, ఇంటికి పోయుంటాడు. షట్టరు మీద అరచేత్తో కొట్టింది, సిగ్గు లేకుండా నాలుగైదుసార్లు కొట్టింది. పక్క షాపులో ఎవరో తల బయటపెట్టి చూసి లోపలికి తీసుకున్నారు. వీధంతా వింతగా చప్పుడు లేకుండా ఉంది, ఏసీలు లేవు, మోటార్లు లేవు, ఎండ మాత్రం ఉంది. ఒక మనిషికి చెవులు పోతే వీధి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది, అనుకుని ఆ ఆలోచనని అక్కడే వదిలేసి మెట్లెక్కింది. పైకొచ్చేసరికి మూడూ పదకొండు. యూపీఎస్ అరుస్తూనే ఉంది, పెట్టె తిరుగుతూనే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె పక్క రేకుకి చెవి ఆనించింది. బాగానే ఉన్నావు కదమ్మా, ఉండు, నలభై ఆరు అని చెప్పావు, మాట తప్పకు.

నలభై ఆరు అంటే మూడూ నలభై ఎనిమిది దాకా. ఎక్కించడానికి తెర వెలిగించాలి, తెర వెలిగితే ఆరు నిమిషాలకి పదకొండు నిమిషాల బాటరీ పోతుంది. అంటే తమ్ముడు మూడూ ముప్పై అయిదుకి ఈ కుర్చీలో ఉండాలి. నిజానికి ఆ మిషను చేతికి అందితే చాలు, తమ్ముడు లేకపోయినా ఫర్వాలేదు. ఫోన్ చేస్తే అతనికి వినపడుతుందో లేదో, మెసేజ్ పెట్టింది. "ఎక్కడున్నావు? త్వరగా రా. టాక్సీ ఎక్కు." పంపాక, కరెంటు పోయిందని రాద్దామా అనుకుని మానేసింది. రాస్తే ఎందుకు అని అడుగుతాడు. కరెంటు పోతే ఏమైంది అక్కా, యూపీఎస్ ఉందిగా, ఫ్లాపీలున్నాయిగా, నువ్వే చెప్పావుగా అంటాడు. జవాబు వచ్చింది: "మాస్టారు గారింట్లోనే ఉన్నా. బయల్దేరుతున్నా." పక్కన ఒక నవ్వు మొహం. నవ్వు మొహాలంటే ఆమెకి ఇవాళ ఒళ్ళు మండుతోంది.

తమ్ముడికి పద్నాలుగేళ్ళప్పుడు మెదడు వాపు జ్వరం వచ్చింది. పదకొండు రోజులుంది. దిగుతూ దిగుతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. మంచం మీద లేచి కూర్చుని "ఎందుకందరూ ఊరికే పెదాలు కదుపుతున్నారు?" అని అడిగాడు, పెద్ద గొంతుతో, ఇల్లంతా వినపడేలా. అమ్మ వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అమ్మ వాడితో మాట్లాడుతూనే ఉండేది, వీపు అటు తిప్పి కూడా, వినపడదని తెలిసి కూడా, గిన్నెలు కడుగుతూ, కూరలో ఉప్పు చూస్తూ, ఏరా చదువుకున్నావా, ఏరా తిన్నావా అంటూ. ఎందుకమ్మా అంటే, నోరు కట్టేసుకుంటే నాకూ అలవాటైపోతుందే అనేది. ఆమె ఈ ఉద్యోగంలో చేరడం వెనక వేరే ఆశయాలూ గట్రా ఏమీ లేవు. వాడి తలలో పెట్టేదాన్ని ఎవరో దారినపోయేవాళ్ళు తిప్పకూడదు, తనే తిప్పాలి. అంతే. మొండితనమని నాన్న అనేవాడు, నిజమే. ఆ మొండితనమే వాడికి ఇరవై రెండో ఏట చెవులిచ్చింది. వాడు లెక్కల మాస్టారయ్యాడు, వెనక బెంచీ గుసగుసలు కూడా పసిగట్టే మాస్టారు. పెళ్ళయింది, పాప పుట్టింది. పాప సన్న గొంతు సరిగ్గా అందడంలేదంటే చివరి నాలుగు తీగల్నీ మూడు ఆదివారాలు కూర్చుని సరిచేసింది. పాప ర అనలేక ల అంటుందని వాడు కనిపెట్టి నవ్వినరోజు ఆమె ఈ గదిలో తలుపేసుకుని ఏడ్చింది. యూపీఎస్ అరిచింది. మూడూ పంతొమ్మిది.

ఆ మొండితనమే ఇప్పుడు వాడి చెవులు పట్టుకుపోబోతోంది. అది అబద్ధమని ఎవరైనా చెబితే బాగుండును. ఎనిమిదేళ్ళ కిందట కంపెనీ ఉత్తరం వచ్చింది. ఈ మోడలు జీవితకాలం ముగిసింది, ఇకపై ప్రోగ్రాములూ, భాగాలూ, సహాయమూ ఉండవు, పేషెంట్లకి కొత్త మోడలు పెట్టించవలసినదిగా సూచించడమైనది. వాడి తల లోపల శుభ్రంగా పనిచేస్తున్న వస్తువుకి ఎక్కడో బల్ల దగ్గర కూర్చుని ఎవడో కాలం చెల్లిపోయిందని రాసేశాడు. ఉత్తరం వెనకే కంపెనీ మనిషి వచ్చాడు, మెరిసే బూట్లు, మెత్తని మాట. బాగా పనిచేస్తోంది కదా, ఎందుకు ఆపేస్తున్నారు అని అడిగితే, "పదేళ్ళ వస్తువు మేడం, పదేళ్ళకే చేశాం. ఇంకా పనిచేస్తోందంటే అందులో మా తప్పేం లేదు" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆమెకి కోపం నెత్తికెక్కింది. అప్పుడు డాక్టరు చెప్పాడు, జ్వరం వచ్చిన చెవుల్లో ఎముక పెరుగుతూ ఉంటుంది, ఇప్పుడైతే ఇంకా చోటుంది, పాతది తీసి కొత్తది పెట్టేస్తాను అని. తమ్ముడు ఆమె మొహం చూశాడు. ఎప్పుడూ ఆమె మొహమే చూసేవాడు. ఆమె ఏమంది? కంపెనీ వాడి మీద కోపంతో, వాడి బూట్ల మీద కోపంతో, బాగున్న తలని మళ్ళీ ఎందుకు కోయించుకుంటావురా, నా కంప్యూటరు ఉన్నంతకాలం నీకేం భయం అంది. ఆ మాట అన్నప్పుడు ఎంత గర్వంగా అందో కూడా గుర్తుంది. నిరుడు స్కానింగు తీశారు. లోపలంతా ఎముక మూసుకుపోయింది. "పాతది లాగితే కొత్తది దూరుతుందన్న నమ్మకం లేదమ్మా, అప్పుడే చేయించాల్సింది" అన్నాడు డాక్టరు, ఆమె వైపు చూడకుండా, స్కానింగు ఫిల్ము వైపు చూస్తూ. చూడకపోవడం ఆయన మంచితనం.

పాత కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు, జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు పెట్టుకునే మనిషి, అందరూ స్క్రూడ్రైవర్ బాబాయి అనేవాళ్ళు, ఆమె బాబాయ్ అనే పిలిచేది. తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి సెలవులకి ఈ పెట్టె ఆపేసి వెళ్ళింది. తిరిగొచ్చి మీట నొక్కితే డిస్కు తిరగలేదు. బాబాయి వచ్చి, మూత తీసి, చెవి పెట్టి విని, స్క్రూడ్రైవరు పిడితో డిస్కు పక్కన టక్‌మని ఒక్కటి కొట్టాడు. తిరిగింది. ఆమె పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. "లోపల బిగుసుకుపోతోంది తల్లీ. ఈసారికి కదిలింది. ఇంకోసారి ఆపకు" అన్నాడు. అప్పట్నుంచీ ఆపలేదు. మీట మీద టేపు అంటించింది, ఊడ్చే ఆమెకి చెప్పింది, వాచ్‌మన్‌కి చెప్పింది, ఆఖరికి వాళ్ళు ఈ గదిలోకి చెప్పులు విప్పి రావడం మొదలుపెట్టారు. మూడేళ్ళ కిందట, కళ్ళు మసకబారి పని మానేసే ముందు, బాబాయి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "డిస్కు మొత్తం ఇంకోదాని మీదకి దించేద్దాం, రెండు గంటలు పడుతుంది" అన్నాడు. ఎంత మంచి మాట. "కానీ దించాలంటే ఒకసారి ఆపి, తీగలు మార్చి, మళ్ళీ తిప్పాలి." తిరుగుతుందా బాబాయ్? ఆయన అరచెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపాడు. ఆమె వద్దంది. ఫ్లాపీలున్నాయిగా బాబాయ్, ప్రతి శుక్రవారం తీసిపెడుతున్నాగా అంది. ఆయన సరేనమ్మా అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆపితేగాని బతకదు, ఆపితే చచ్చిపోవచ్చు. అలాంటి చోట మనిషి ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యలేదు ఆమె. ఏమీ చెయ్యకపోవడానికి జాగ్రత్త అని పేరు పెట్టుకుంది.

ఫ్లాపీలు. సొరుగు తీస్తే వరసగా ఉన్నాయి, తేదీలేసిన చీటీలతో, పెళ్ళికి సర్దిన చీరల్లా. ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రోగ్రామూ, కొలతలూ వాటి మీదకి తీసేది, తీశాక చదివించి చూసేది. ఎప్పుడూ తప్పు రాలేదు. అంతా బాగుంది, అంతా బాగుంది అని తెర మీద వచ్చేది, ఆమె సంతకం పెట్టుకునేది. ఆర్నెల్ల కిందట, ఏదో తోచి, ఒక సెట్టు పట్టుకెళ్ళి కాలేజీలో పనిచేసే స్నేహితురాలి దగ్గరున్న పాత కంప్యూటరులో పెట్టింది. చదవలేదు. ఇంకోటి పెట్టింది. చదవలేదు. పదిహేడు పెట్టింది. స్నేహితురాలు టీ చల్లారిపోతోంది తాగవే అంటోంది. ఇంటికొచ్చి బాబాయికి ఫోన్ చేసింది. అది ఫ్లాపీ మీద రాసే, చదివే తల పక్కకి జరిగుంటుందమ్మా అన్నాడు ఆయన, ఏళ్ళ మీద వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుగుతూ పోయుంటుంది, అది వంకరగా రాస్తుంది, రాసినదాన్ని వంకరగానే చదువుకుంటుంది, దానికంతా బాగానే కనిపిస్తుంది, ఇంకెవరికీ కనిపించదు. అంటే బాబాయ్? అంటే అది రాసింది అదే చదవాలి. అది పోతే అవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలు. ఇన్నేళ్ళ శుక్రవారాలు. దేన్ని కాపాడుకోవాలని రాసిందో, అది బతికి ఉంటేనే చదవగలిగేలా రాసి, దాన్నే పిలిచి సాక్ష్యం చెప్పించుకుంది. అయినా తర్వాతి శుక్రవారం కూడా తీసింది. ఆ తర్వాతిదీ. తమ్ముడికి చెప్పలేదు. చెప్తే వాడు మొహం చూస్తాడు.

మూడూ ముప్పై ఒకటి. అరుపుల మధ్య ఖాళీ తగ్గినట్టుంది, లేక ఆమెకి అలా అనిపిస్తోందా. ఫోన్ వెలిగింది. "మాస్టారు మిషను చేతిలో పెట్టుకుని ఏడుస్తున్నారక్కా. ఒక్కసారి ఆన్ చేసి చూసుకుంటానంటున్నారు. ఎలా లాక్కోను? పది నిమిషాలు." లాక్కో అని రాసింది. చెరిపేసింది. ఆయన్ని కూడా తీసుకొచ్చెయ్ అని రాసింది. చెరిపేసింది. "ఇప్పుడే రా. ఇప్పుడే. కరెంటు లేదు, కంప్యూటరు ఆగిపోతుంది" అని రాసి పంపింది. చదివినట్టు గుర్తు రాలేదు. చూస్తూ కూర్చుంది, రాలేదు. వాడు ఫోన్ జేబులో పెట్టేసుకుని, ముసలాయన పక్కన కూర్చుని, తెగిపోతూ వస్తున్న ఆయన మాటల్ని పెదాల మీంచి ఏరుకుంటూ తలూపుతూ ఉంటాడు. మర్యాద నేర్పింది ఎవరు? తనే నేర్పింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో లేవకూడదురా అని.

ముప్పై అయిదు దాటింది. ముప్పై ఏడు. ఇప్పుడొచ్చినా కష్టమే, అయినా రా, పరుగెత్తుకుంటూ రా, తెర లేకుండా గుడ్డిగా మీటలు నొక్కైనా ఎక్కిస్తాను, నొక్కే వరస నాకు నిద్రలో కూడా వచ్చు. కిటికీ దగ్గరకి వెళ్ళింది, టాక్సీ లేదు. వెనక్కి వచ్చింది. మొట్టమొదట చెవి మిషను పెట్టినరోజు వాడు సంతోషంతో గెంతుతాడనుకున్నారు అందరూ, వాడు మొహం చిట్లించి, అందరూ రేకుడబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది అన్నాడు. మొదటి నెల అమ్మ గొంతుకీ నాన్న గొంతుకీ తేడా తెలియలేదు. గొంతు అంటే గొంతులో ఉండదు, ఈ ఇరవై రెండు అంకెల జతల్లో ఉంటుంది, వాటిని మెదడు నెలల తరబడి వల్లెవేసుకుంటే అప్పుడు అమ్మ అమ్మ అవుతుంది. ఒకసారి ఒక నర్సు ఇద్దరు పేషెంట్ల మిషన్లు తారుమారు చేసింది. ఒక పెద్దాయన తగిలించుకోగానే తల పట్టుకుని నేలమీద కూలబడిపోయాడు, కుర్చీ జరిపిన చప్పుడుకి. అప్పట్నుంచీ చీటీలు. ఆమె బతుకంతా చీటీలే. కంపెనీ వాడు ఇప్పుడు ఎక్కడో కూర్చుని ఇంకేదో వస్తువుకి పదేళ్ళు లెక్కగట్టి ఉంటాడు, వాడి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. కోపం కూడా సమయానికి రాకపోతే ఇంకేం చేస్తాం.

మూడూ నలభై మూడుకి యూపీఎస్ ఆపకుండా అరవడం మొదలుపెట్టింది. నలభై ఆరు అని మాటిచ్చి నలభై ఒకటికే నీళ్ళు నమిలింది. ఆమె నేలమీద కూర్చుని పెట్టెని రెండు చేతులతో పట్టుకుంది, పట్టుకుంటే ఆగదన్నట్టు. సన్నగా వెచ్చగా ఉంది. అరుపు ఆగిపోయింది. లోపలి గుర్రుమనే చప్పుడు వెంటనే ఆగలేదు, దిగింది, మెల్లగా, మెట్టు మెట్టుగా దిగి, చివర ఒకసారి టిక్కుమంది. తర్వాత గదిలో ఏమీ లేదు. ఈ గది ఇంత పెద్దదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

తమ్ముడు నాలుగుకి అయిదు నిమిషాల ముందు వచ్చాడు, లిఫ్టు లేక మెట్లెక్కి, రొప్పుతూ, చొక్కా తడిసిపోయి. "మెసేజు ఇప్పుడే చూశానక్కా. ఆయన వదిలిపెట్టలేదు. ఏమైంది? ఆగిపోయిందా? సర్లే, కరెంటొచ్చాక వేద్దాం" అన్నాడు. గుడ్డలో చుట్టిన మిషనుని బల్ల మీద పెట్టాడు. ఆమె వాడి మొహం చూడకుండా గుడ్డ విప్పింది. డ్రాయింగ్ టీచరు అంచుకి ఎర్రరంగు చుక్క పెట్టుకుంది, తనదని తెలియడానికి. లోపల ఆవిడ కొలతలు అలాగే ఉన్నాయి.

నాలుగూ రెండుకి ఫ్యాను కదిలింది. కరెంటాఫీసు వాడు మాట మీద నిలబడ్డాడు. ఆమె తెర వెలిగించి, పెట్టె మీట మీది టేపు గోటితో పీకి నొక్కింది. ఆకుపచ్చ దీపం వెలిగింది, లోపలి పంకా తిరిగింది, డిస్కు తిరగలేదు. ఆపి, పదిదాకా లెక్కపెట్టి మళ్ళీ నొక్కింది. మూత తీసింది, స్క్రూడ్రైవరు పిడితో బాబాయి కొట్టిన చోటే కొట్టింది, మెల్లగా, తర్వాత గట్టిగా, తర్వాత ఇంకా గట్టిగా. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒక లైను వచ్చి నిలబడింది, డిస్కు కనబడటంలేదని. ఎన్నిసార్లు కొట్టిందో తెలియదు. తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఫ్లాపీలున్నాయిగా" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆర్నెల్లుగా మింగుకున్నదంతా, ఎనిమిదేళ్ళ కిందటి ఆ గర్వపు మాటతో సహా, గబగబా, వాడికి అందుతుందో లేదో చూసుకోకుండా చెప్పేసింది. "నేనేరా నిన్ను ఆపింది. నేనే" అంది. వాడు చెవి మిషనుని రెండుసార్లు తట్టుకున్నాడు. మళ్ళీ తట్టుకున్నాడు. "నేను ఫ్లాపీలు అన్నాక తెగిపోయిందక్కా. ఇందాకట్నుంచి ఏమీ వినపడటంలేదు. ఏమన్నావు?" అన్నాడు, పెద్ద గొంతుతో, మంచం మీద లేచి కూర్చున్ననాటి గొంతుతో. బాటరీ మార్చి చూశాడు. తీగ మార్చి చూశాడు. తట్టాడు, ఊదాడు. ఇక రాలేదు.

వాడు ఎర్రచుక్క మిషను అందుకున్నాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకుని, చేతికందిన శుక్రవారం చీటీ వెనక రాసింది: "వద్దు. అవి ఆవిడ కొలతలు. నొప్పి పుడుతుంది." వాడు చదివాడు. "ఏమీ లేకపోవడం కంటే నయం కదా. ఇంటికెళ్తే పాప మాట్లాడుతుంది" అన్నాడు. ఆమె చెయ్యి వదిలేసింది. మిషను తీసుకుని చప్పుడు తిప్పే చక్రాన్ని అడుక్కంటా తగ్గించి, తనే వాడి చెవికి తగిలించింది. చెవి వెనక చర్మం మీద అయస్కాంతం అతుక్కుంది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఎడమ కంటి కొస అదిరింది, పళ్ళు బిగించాడు, ఆగి, ఫర్వాలేదన్నట్టు చెయ్యెత్తాడు.

"చిన్నా" అని పిలిచింది ఆమె, ఎంత మెల్లగా పిలవగలదో అంత మెల్లగా.

వాడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఆమె వైపు కాదు, తలుపు వైపు చూశాడు.

"ఎవరక్కా వచ్చింది?" అన్నాడు.

తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆ వచ్చినవాళ్ళు మళ్ళీ మాట్లాడతారేమోనని వాడు అటే తల తిప్పి ఆగాడు.